కణాలు ఒక్క రోజులో పెరగవు

పోయిన నెల వచ్చిన ఉత్తరాల్లో లెస్టర్ నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న మనలో చాలామందికి ఉన్నదే. ఆవిడ గుంటూరు దగ్గర ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివారు. పెళ్లయి ఇక్కడికొచ్చి ఆరేళ్లు. పాప ఈ సెప్టెంబరులో రిసెప్షన్‌లో చేరుతోంది. వేసవి సెలవుల్లో హైదరాబాద్ వెళ్తున్నారు. అక్కడ ఒక ట్రైనింగ్ సెంటర్ వాళ్లు ప్రకటన పంపారట. మందుల పరిశోధన కోసం యానిమల్ సెల్ కల్చర్, హ్యాండ్స్ ఆన్ ట్రైనింగ్, ఒక్క రోజు, సాయంత్రానికి సర్టిఫికెట్. "డబ్బు కట్టమంటారా? ఇక్కడ ఆ కాగితానికి విలువ ఉంటుందా? మైక్రోస్కోపు ముట్టుకుని ఆరేళ్లయింది, అసలు నా చేతులకి ఇంకా పని వస్తుందా?" అని అడిగారు.

మూడింటికీ జవాబు చెబుతాను. అయితే ముందు ఆ పనేమిటో తెలియాలి. సైన్సు చదవని వాళ్లు కూడా దయచేసి పేజీ మూసేయకండి. మన ఇళ్లలో వేసుకునే మందులూ, పిల్లలకి వేయించే టీకాలూ, "పసుపు క్యాన్సర్‌ని చంపేస్తుందట" అని ఫ్యామిలీ గ్రూపులో వచ్చే మెసేజ్‌లూ అన్నీ ఈ గదిలోంచి బయటికొచ్చినవే.

సెల్ కల్చర్ అంటే జంతువు లేదా మనిషి శరీరంలోంచి తీసిన కణాలని బయట ఒక గిన్నెలో బతికించి పెంచడం. శరీరం ఇచ్చేవన్నీ మనమే ఇవ్వాలి. 37 డిగ్రీల వేడి, తినడానికి చక్కెర, అమైనో ఆమ్లాలు, విటమిన్లు, లవణాలు, ఆమ్లం క్షారం సమంగా ఉండడానికి గాలిలో 5 శాతం కార్బన్ డయాక్సైడ్. ఇవన్నీ కుదిరితే చాలా రకాల కణాలు ప్లాస్టిక్ ఫ్లాస్కు అడుగుకి అతుక్కుని, పరుచుకుని, రెండుగా చీలుతూ పెరుగుతాయి. అప్పుడు వాటి మీద మందు వేసి ఏమవుతుందో చూడొచ్చు. కొత్త మందుని మనిషికి ఇచ్చే ముందు, ఎలుకకి ఇచ్చే ముందు కూడా, ఎక్కువగా మొదట ఇచ్చేది ఈ కణాలకే.

ఈ పనిలో ఇంగ్లండు పాత్ర చాలా పెద్దది. 1907లో అమెరికాలో రాస్ హారిసన్ కప్ప పిండంలోని నాడీకణాలని ఒక చుక్క ద్రవంలో బతికించి, నరపు పోగు పెరగడం కళ్లారా చూశారు. ఆ తర్వాత యూరప్‌లో ఈ విద్యకి పేరుపడ్డ చోట్లలో కేంబ్రిడ్జ్ ఒకటి. కీళ్లవాతాన్ని అర్థం చేసుకోవాలని థామస్ స్ట్రేంజ్‌వేస్ అనే డాక్టరు అక్కడ ఒక చిన్న పరిశోధన ఆసుపత్రి పెట్టారు. ఆయన 1926లో పోయారు. 1929లో ఆ ల్యాబ్ డైరెక్టర్ అయినది ముప్పై ఏళ్లు నిండని ఒక అమ్మాయి, పేరు ఆనర్ ఫెల్. పరిశోధనలో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది ఉన్న ఆ రోజుల్లో మొదలుపెట్టి, 1970 దాకా నాలుగు దశాబ్దాలు ఆవిడే ఆ ల్యాబ్‌ని నడిపారు. ఎముక, మృదులాస్థి ముక్కలని గాజు గిన్నెలో పెంచి, వాటి మీద విటమిన్ ఎ ఎలా పనిచేస్తుందో చూశారు. ఆవిడ దగ్గర పని నేర్చుకోవడానికి దేశదేశాల నుంచి వచ్చేవారు.

అదే కేంబ్రిడ్జ్‌లో, ఎంఆర్‌సీ మాలిక్యులర్ బయాలజీ ల్యాబ్‌లో 1975లో సీజర్ మిల్‌స్టీన్, జార్జెస్ కోలర్ మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీ కనిపెట్టారు. 1984లో నోబెల్ వచ్చింది. లండన్‌లో 1966లో తయారైన ఎంఆర్‌సీ-5 అనే కణాల్లో ఇప్పటికీ కొన్ని టీకాలు పెరుగుతున్నాయి. ఈ దేశంలో మనలో చాలామంది వేయించుకున్న ఆక్స్‌ఫర్డ్ ఆస్ట్రాజెనెకా కోవిడ్ టీకా హెచ్‌ఈకే 293 అనే కణాల్లో తయారైంది. అక్కడ హైదరాబాద్‌లో మన అమ్మానాన్నలకి వేసిన భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్‌లోని వైరస్‌ని వీరో కణాల్లో పెంచారు. అవి 1962లో జపాన్‌లో ఒక జాతి కోతి మూత్రపిండం నుంచి తీసినవి.

ఇక్కడ మన తెలుగాయన ఒకరి గురించి చెప్పాలి. యల్లాప్రగడ సుబ్బారావు, 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఫోలిక్ యాసిడ్ మీద పని జరిగింది. ఆ పనిలోంచే ఫోలిక్ యాసిడ్‌ని అడ్డుకునే అమినోప్టెరిన్, ఆ వెంట మెథోట్రెక్సేట్ వచ్చాయి. 1947 చివర్లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకి అమినోప్టెరిన్ ఇచ్చి చూశారు. కొందరిలో జబ్బు కొంతకాలం తగ్గుముఖం పట్టింది. సుబ్బారావు 1948లో చనిపోయారు. ఈ కథ మనలో కొందరికి తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ రెండు పదార్థాలూ తర్వాత సెల్ కల్చర్ గదిలోకి కూడా వచ్చాయి.

కేంబ్రిడ్జ్‌లో చేసిన పని చూడండి. యాంటీబాడీ తయారుచేసే ఎలుక కణాన్నీ, ఎప్పటికీ చావకుండా చీలుతూ పోయే క్యాన్సర్ కణాన్నీ కలిపి ఒకే కణంగా చేయాలి. కలవకుండా మిగిలిపోయిన క్యాన్సర్ కణాలు ఫ్లాస్కుని ముంచేస్తాయి. వాటిని ఏరేసేది ఎలా? హాట్ మీడియం అని ఒకటి వాడతారు. అందులో మధ్యలో ఉన్న 'ఎ' అమినోప్టెరిన్‌ది. కణం డీఎన్ఏ తయారుచేసుకునే ముఖ్యమైన దారిని అది మూసేస్తుంది. ఆ క్యాన్సర్ కణాలకి రెండో దారి లేకుండా ముందే ఎంచుకుంటారు కాబట్టి అవి చస్తాయి. యాంటీబాడీ కణాలు వాటంతట అవే కొన్నాళ్లకి పోతాయి. కలిసిన కణాలు మాత్రం బతుకుతాయి.

ఇంక మెథోట్రెక్సేట్. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే ట్రాస్టుజుమాబ్, లింఫోమాకి ఇచ్చే రిటుక్సిమాబ్, కీళ్లవాతానికి ఇచ్చే అడాలిముమాబ్ లాంటి మందులు చైనా హామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయం నుంచి 1957లో తీసిన కణాల వారసుల్లో తయారవుతాయి. వాటిని సీహెచ్‌ఓ కణాలంటారు. 1980లో ఈ కణాల్లో ఒక ఎంజైము లేని రకాన్ని తయారుచేశారు. మనకి కావలసిన మందు జన్యువుని ఆ ఎంజైము జన్యువుతో జతచేసి లోపలికి పంపి, మెథోట్రెక్సేట్‌ని కొద్దికొద్దిగా పెంచుతూ వేస్తారు. ఆ ఎంజైము జన్యువుకి ఎక్కువ నకళ్లు చేసుకున్న కణాలే బతుకుతాయి. దాంతోపాటు మందు జన్యువుకీ నకళ్లు పెరుగుతాయి, మందు ఎక్కువగా వస్తుంది. చాలా మందుల తయారీలో ఈ పద్ధతి వాడారు. హైదరాబాద్ డాక్టర్ రెడ్డీస్ వారు 2007లో రిటుక్సిమాబ్‌ని రెడిటక్స్ పేరుతో తక్కువ ధరకి తీసుకొచ్చారు. కీళ్లవాతానికి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ మాత్ర వేసుకునే అమ్మలు, అత్తయ్యలు మన ఇళ్లలో ఎంతమంది ఉన్నారో మీకే తెలుసు.

సరే, ఈ గదిలో చేతులు ఏం నేర్చుకోవాలి?

మొదటిది శుభ్రత. బాక్టీరియా ఇరవై నిమిషాలకో అరగంటకో రెండింతలవుతుంది. మన కణానికి దాదాపు ఒక రోజు పడుతుంది. కాబట్టి ఒక్క బాక్టీరియా పడినా గెలిచేది అదే. మన అమ్మమ్మల మడి గుర్తుందా? ఏది ముట్టుకున్నాను, తర్వాత దేన్ని ముట్టుకోవచ్చు అన్న ఎరుక క్షణం కూడా తప్పకూడదు. ఇక్కడా అదే. కాకపోతే ఆ మడి మనుషులని దూరం పెట్టింది, ఇది సూక్ష్మజీవులని దూరం పెడుతుంది. గాజులు, ఉంగరాలు తీసేయాలి, జుట్టు ముడేసుకోవాలి, చున్నీ కోటు లోపలే ఉండాలి. గ్లవ్స్ మీద, హుడ్‌లోకి వెళ్లే ప్రతి సీసా మీద 70 శాతం ఆల్కహాల్ చల్లాలి. హుడ్ ముందుభాగంలో గాలి పీల్చే జాలీ ఉంటుంది, దాని మీద చెయ్యిగానీ కాగితంగానీ పెడితే లోపలి రక్షణ పోతుంది. మూత తీసిన సీసా మీదుగా చెయ్యి దాటించకూడదు. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇంట్లో పెరిగినవాళ్లకి ఇది త్వరగా పట్టుబడుతుంది.

రెండోది కణాలని నిద్ర లేపడం. వాటిని మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజని ట్యాంకులో దాస్తారు. దాచేటప్పుడు నెమ్మదిగా, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరచాలి. కణంలో మంచు సూదులు ఏర్పడకుండా డీఎమ్‌ఎస్‌ఓ కలుపుతారు. బయటికి తీసేటప్పుడు దీనికి పూర్తిగా తిరగేసి, 37 డిగ్రీల నీళ్లలో ఒకటి రెండు నిమిషాల్లో కరిగించాలి. గడ్డకట్టేటప్పుడు కాపాడిన డీఎమ్‌ఎస్‌ఓ వెచ్చబడ్డాక కణాలకి హాని చేస్తుంది కాబట్టి ఆలస్యం పనికిరాదు.

మూడోది ఫ్లాస్కు మార్చడం. అడుగు 70, 80 శాతం నిండగానే కణాలని లేపి కొత్త ఫ్లాస్కుల్లోకి పంచాలి. నిన్నటి పెరుగులోంచి కొంచెం తీసి కొత్త పాలకి తోడు పెట్టినట్టే. కణాలని అడుగునుంచి లేపడానికి ట్రిప్సిన్ వాడతారు. అది ప్రొటీన్లని కోసే ఎంజైము. తక్కువసేపు ఉంచితే కణాలు లేవవు, ఎక్కువసేపు ఉంచితే దెబ్బతింటాయి. ఎన్ని నిమిషాలు అన్నది పుస్తకం పూర్తిగా చెప్పలేదు. మైక్రోస్కోపులో చూస్తూ, చదునుగా ఉన్న కణాలు గుండ్రంగా మారిన క్షణాన్ని పట్టుకోవాలి. మీడియం రంగు కూడా మాట్లాడుతుంది. అందులో ఫినాల్ రెడ్ ఉంటుంది. ఎర్రగా ఉంటే బాగున్నట్టు, పసుపుకి తిరిగితే ఆమ్లం పెరిగినట్టు, గులాబీ ఊదాలోకి పోతే కార్బన్ డయాక్సైడ్ అందనట్టు.

నాలుగోది లెక్కపెట్టడం. గళ్లున్న ఒక గాజు పలక మీద కణాలని పెట్టి చూస్తారు. ట్రిపాన్ బ్లూ అనే రంగు వేస్తే చచ్చిన కణాలు నీలంగా మారతాయి, బతికినవి రంగుని లోపలికి రానివ్వవు. నాలుగు మూలల గళ్లలో మొత్తం 200 బతికిన కణాలున్నాయనుకోండి. సగటు 50. రంగుని సమానంగా కలిపాం కాబట్టి రెండింతలు, 100. గడి ఘనపరిమాణాన్ని బట్టి 10,000తో గుణిస్తే మిల్లీలీటరుకి 10 లక్షల కణాలు. మందు పరీక్షకి వాడే 96 గుంటల ప్లేటులో గుంటకి 5,000 కణాలు కావాలంటే? ఈ ద్రావణంలోంచి అర మిల్లీలీటరు తీసి మొత్తం 10 మిల్లీలీటర్లు చేస్తే మిల్లీలీటరుకి 50,000. గుంటకి 100 మైక్రోలీటర్లు పోస్తే సరిగ్గా 5,000. ఇంటర్వ్యూల్లో అడిగేవి ఇలాంటి లెక్కలే. కాగితం, పెన్నూ చాలు, ఇవాళ రాత్రి పాప పడుకున్నాక చేసి చూసుకోవచ్చు.

ఐదోది మందు పరీక్ష. అందరికీ తెలిసినది ఎంటీటీ. మందు వేసిన కణాలకి పసుపు రంగు పదార్థం ఇస్తారు. చురుగ్గా ఉన్న కణాలు దాన్ని ఊదా రంగుగా మారుస్తాయి. ఎంత ఊదా వస్తే అంత ప్రాణం ఉన్నట్టు. మందు మోతాదు పెంచుతూ పోయి, ఏ మోతాదు దగ్గర ఆ చురుకు సగానికి పడిపోయిందో చూస్తారు.

ఇక్కడే జాగ్రత్త కావాలి. ఊదా తగ్గిందంటే కణాలు చచ్చినట్టే కానక్కర్లేదు, మందకొడిగా అయి ఉండొచ్చు. మందుని కరిగించిన డీఎమ్‌ఎస్‌ఓ కూడా కణాలని చంపగలదు. అందుకే మందు లేకుండా ఉత్త డీఎమ్‌ఎస్‌ఓ వేసిన గుంటలు తప్పనిసరి. ప్లేటు అంచు గుంటల్లో నీరు త్వరగా ఆవిరవుతుంది కాబట్టి చాలామంది చుట్టూ ఉన్న 36 గుంటలని పరీక్షకి వాడరు, లోపలి 60తోనే పని చేస్తారు. పసుపులోని కర్కుమిన్‌కి సొంత రంగుంది, అది అనేక రకాల పరీక్షలని పక్కదారి పట్టిస్తుందని రసాయన శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో హెచ్చరిస్తున్నారు. పైగా నోటితో తీసుకుంటే అది రక్తంలోకి చాలా తక్కువగా చేరుతుంది. గిన్నెలో క్యాన్సర్ కణాలని చంపడం గొప్ప కాదు, గిన్నెలో పోస్తే బ్లీచ్ కూడా చంపుతుంది. మామూలు కణాలని వదిలి క్యాన్సర్ కణాలనే చంపుతుందా, శరీరంలో అంత మోతాదు చేరుతుందా అన్నవి అసలు ప్రశ్నలు. పసుపు కూరలో వేసుకుందాం. కీమో మానేసి పసుపు తాగమని ఎవరికైనా ఫార్వర్డ్ వస్తే మాత్రం ఈ రెండు ప్రశ్నలూ వేయండి.

ఇప్పుడు లెస్టర్ పాఠకురాలి మొదటి ప్రశ్నకి వద్దాం. ఒక్క రోజు కోర్సుకి డబ్బు కట్టాలా?

కణాల క్యాలెండరు వేసి చూడండి. సోమవారం కరిగించి ఫ్లాస్కులో వేశారు. అవి అతుక్కోవడానికి రాత్రంతా పడుతుంది, మంగళవారం మీడియం మార్చాలి. ఫ్లాస్కు నిండడానికి మరో రెండు మూడు రోజులు. గురువారమో శుక్రవారమో లేపి, లెక్కపెట్టి, ప్లేటులో వేశారు. మళ్లీ అతుక్కోవడానికి ఒక రాత్రి. మర్నాడు మందు వేశారు. మందు పనిచేయడానికి 24 నుంచి 72 గంటలు. ఆ తర్వాత ఎంటీటీ. అంటే మీ సొంత కణాలని మీరే లేపి, పెంచి, మందు వేసి, ఫలితం చూడాలంటే వారం నుంచి పది రోజులు కావాలి. డబ్బు ఎంత కట్టినా, గురువు ఎంత గొప్పవారైనా దీన్ని ఒక్క రోజుకి కుదించడం కుదరదు. ఒక్క రోజు కోర్సులో జరిగేది ఏమిటంటే, ముందే సిద్ధం చేసిన ప్లేటుని చూపిస్తారు. అది చూడడం, చేయడం కాదు.

రెండు మూడు రోజుల కోర్సులన్నీ మోసమని కాదు. హుడ్‌లో కూర్చోవడం, కణాలు లేపడం, లెక్కపెట్టడం, గడ్డకట్టించడం అంతవరకే నేర్పుతామని చెప్పి, అది బాగా నేర్పేవి ఉన్నాయి. నేను ఇక్కడ చేసింది అలాంటిదే, నాలుగు రోజులు. నలుగురం, రెండు హుడ్‌లు. లెక్కపెట్టడం మా చేత ఎన్నిసార్లు చేయించారంటే, రెండుసార్ల లెక్కల మధ్య తేడా పదో వంతుకి దిగేదాకా వదల్లేదు. ఆరేళ్ల తర్వాత చేతులకి పని వస్తుందా అన్న ప్రశ్నకి జవాబు నాకు అక్కడే దొరికింది. మొదటి రోజు పిపెట్ వణికింది, మూడో రోజుకి వణకలేదు. వంట చేసే చేతులకి, చంటిపిల్లకి చుక్కల మందు కొలిచి పోసే చేతులకి నిలకడ ఎక్కడికీ పోదు.

ఏ ఊళ్లోనైనా డబ్బు కట్టే ముందు ఈ ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి. ఒక హుడ్‌కి ఎంతమంది? ఇద్దరు మించితే మీ వంతు చాలా తక్కువ. నాకంటూ ఒక ఫ్లాస్కు ఇస్తారా, కరిగించడం నుంచి గడ్డకట్టించడం దాకా నేనే చేస్తానా? ఏ కణాలు వాడతారు, ఎక్కడినుంచి తెచ్చారు? మైకోప్లాస్మా పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారు? సర్టిఫికెట్‌లో హాజరయ్యారని రాస్తారా, లేక ఏ ఏ పనులు సొంతంగా చేయగలరో రాస్తారా? ఈ ప్రశ్నలకి సూటిగా జవాబు చెప్పే చోట నేర్చుకోండి. "మేడమ్, అవన్నీ వచ్చాక చూద్దాం" అన్న చోట వద్దు.

మైకోప్లాస్మా గురించి ఎందుకు అడగమన్నానంటే, అది ల్యాబ్ నిజాయితీని బయటపెడుతుంది. అది గోడ లేని చాలా చిన్న బాక్టీరియా. గోడని దెబ్బతీసే పెన్సిలిన్ దాన్నేమీ చేయలేదు. మామూలు మైక్రోస్కోపులో కనిపించదు, మీడియం మసకబారదు. కణాలు బాగానే ఉన్నట్టుంటాయి గానీ ఫలితాలన్నీ తప్పుతాయి. పీసీఆర్ లాంటి పరీక్ష క్రమం తప్పకుండా చేస్తేనే తెలుస్తుంది. కణాలు ఎక్కడివి అని అడగడం కూడా అంతే ముఖ్యం. 1966లో స్టాన్లీ గార్ట్‌లర్ అప్పట్లో బాగా వాడుకలో ఉన్న 18 రకాల కణాలని పరీక్షించి, అవన్నీ నిజానికి హీలా కణాలేనని చూపించారు. ఏళ్ల తరబడి వేరే అవయవం అనుకుని చేసిన పని దండగైంది. ఇప్పటికీ ఇలా పేరు మారిపోయిన కణాల అంతర్జాతీయ జాబితాలో 500కి పైగా ఉన్నాయి. డీఎన్ఏ ప్రొఫైల్ చూసి గుర్తింపు నిర్ధారించుకోవడం ఇప్పుడు మంచి ల్యాబ్‌ల అలవాటు.

హీలా పేరు వచ్చింది కాబట్టి ఆవిడ గురించి చెప్పకుండా ముందుకి పోలేను. హెన్రియెటా లాక్స్, ఐదుగురు పిల్లల తల్లి, నల్లజాతి మహిళ. 1951లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి చికిత్స చేస్తూ, ఆవిడని అడగకుండా తీసిన కణాలవి. ఆ అక్టోబరులో ఆవిడ 31 ఏళ్లకే పోయారు. కణాలు మాత్రం ఇప్పటికీ ప్రపంచమంతా పెరుగుతున్నాయి. కుటుంబానికి ఇరవై ఏళ్లకి పైగా సంగతే తెలియదు. ఒక పెద్ద కంపెనీతో 2023లో రాజీ కుదిరింది. ఇంగ్లండులో 2004 నాటి హ్యూమన్ టిష్యూ చట్టానికి పునాది అనుమతి అనే మాటే. మీకు ఆపరేషన్ అయినప్పుడు, "మిగిలిన కణజాలాన్ని పరిశోధనకి వాడుకోవచ్చా" అని ఫారం ఇస్తారు. తొందరలో సంతకం పెట్టేయకండి, చదివి, అడిగి, ఇష్టమైతే పెట్టండి. ఇవ్వడం మంచి పనే, తెలిసి ఇవ్వడం ఇంకా మంచిది.

శాకాహారులైన పాఠకులకి ఇంకో మాట. మీడియంలో సాధారణంగా 10 శాతం దాకా కలిపే సీరమ్ ఆవు గర్భంలోని దూడ రక్తం నుంచి వస్తుంది. కసాయిశాలలో చూలు ఆవుని కోసినప్పుడు తీస్తారు. ఈ పనిలోకి వచ్చే ముందు ఇది తెలియాలి, తర్వాత తెలిస్తే మనసు బాధపడుతుంది. జంతువులతో ప్రయోగాలు తగ్గించడానికి వాడే పద్ధతిలోనే ఈ చిక్కు ఉంది. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఆంగ్లేయులు ప్రత్యామ్నాయం వెతకడం, సంఖ్య తగ్గించడం, బాధ తగ్గించడం అనే మూడు సూత్రాలు రాశారు. వాటి కోసమే 2004లో ఈ దేశంలో ఎన్‌సీ3ఆర్స్ అనే సంస్థ పెట్టారు. సీరమ్ లేని మీడియాలు ఇప్పుడు చాలా ఉన్నాయి, మందులు తయారుచేసే కంపెనీలు సీహెచ్‌ఓ కణాలకి ఎక్కువగా వాటినే వాడుతున్నాయి. ఇంటర్వ్యూలో దీని గురించి అడగడానికి మొహమాటపడకండి.

ఇక రెండో ప్రశ్న, ఇక్కడ విలువ దేనికి? స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చినవారి భార్యకి లేదా భర్తకి ఇక్కడ ఉద్యోగం చేసే హక్కు ఉంది. డిగ్రీ సమానత్వానికి యూకే ఎనిక్ నుంచి పత్రం తీసుకోవచ్చు. ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగాల ప్రకటనల్లో అడిగేది ముఖ్యంగా ఏ ఏ పనులు చేతితో చేశారన్నదే. సాల్స్‌బరీ దగ్గర పోర్టన్ డౌన్‌లో ఈసీఏసీసీ అనే యూరోపియన్ కణాల భాండాగారం ఉంది, యూకే హెల్త్ సెక్యూరిటీ ఏజెన్సీ కింద నడుస్తుంది. సెల్ కల్చర్ నేర్పడంలో వాళ్లకి ఎన్నో ఏళ్ల అనుభవం. సిగ్మా ఆల్డ్‌రిచ్‌తో కలిసి వాళ్లు తెచ్చిన సెల్ కల్చర్ ల్యాబొరేటరీ హ్యాండ్‌బుక్ ఉచితంగా దొరుకుతుంది. పైసా ఖర్చు లేకుండా ముందు అది చదవండి. స్టీవెనేజ్‌లో సెల్ అండ్ జీన్ థెరపీ క్యాటపల్ట్ వారి తయారీ కేంద్రం ఉంది. కేంబ్రిడ్జ్, స్టీవెనేజ్, ఆక్స్‌ఫర్డ్ చుట్టుపక్కల ఈ పని చేసే కంపెనీలు చాలా ఉన్నాయి.

పీహెచ్‌డీగానీ దానికి సమానమైన పరిశోధన అనుభవంగానీ ఉండి, పిల్లల కోసమో పెద్దవాళ్ల కోసమో కనీసం రెండేళ్లు పని ఆపినవాళ్లకి డాఫ్నీ జాక్సన్ ట్రస్ట్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. డాఫ్నీ జాక్సన్ ఈ దేశపు మొదటి మహిళా ఫిజిక్స్ ప్రొఫెసర్, 1971లో సర్రే యూనివర్సిటీలో ఆ పదవి అందుకున్నారు. చదువుకున్న ఆడవాళ్లు ఇంట్లో ఉండిపోవడం చూసి, 1985లో ఈ పథకం మొదలుపెట్టారు. సగం రోజుల పనిగా చేసుకోవచ్చు, జీతం ఉంటుంది, కొత్త శిక్షణ కూడా అందులో భాగం. అర్హతలు, గడువులు వాళ్ల సైట్‌లో చూసుకోండి.

కాబట్టి లెస్టర్ పాఠకురాలికి నా సలహా ఇది. ఒక్క రోజు కోర్సు వద్దు. హైదరాబాద్‌లో నాలుగైదు వారాలుంటే, పైన రాసిన ప్రశ్నలకి జవాబు చెప్పగల చోట రెండు వారాలు చేయండి. పాపని అమ్మమ్మ చూసుకుంటుంది కదా, ఇక్కడ ఆ సౌకర్యం దొరకదు. అలాంటి చోటు దొరక్కపోతే డబ్బు దాచుకుని, ఇక్కడికొచ్చాక మీ ఊరి యూనివర్సిటీలో టెక్నికల్ మేనేజర్‌కి ఒక చిన్న ఈమెయిల్ రాయండి. "ఎమ్మెస్సీ చదివాను, ఆరేళ్ల విరామం, వారానికి ఒక రోజు వచ్చి నేర్చుకోవడానికి వీలవుతుందా" అంటే చాలు. పది రాస్తే ఒకటో రెండో జవాబులు వస్తాయి. విరామాన్ని దాచకండి, క్షమాపణ కూడా చెప్పకండి. చేసిన ప్రతి పనినీ తేదీతో, కణాల పేరుతో, లెక్కతో నోటుబుక్కులో రాసుకోండి. రేపు ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కంటే ఆ నోటుబుక్కే ఎక్కువ మాట్లాడుతుంది.

మీలో ఎవరైనా ఇక్కడ ల్యాబ్‌లో మళ్లీ చేరి ఉంటే ఎలా చేరారో రాయండి. మీరు ఒప్పుకుంటే, పేర్లు లేకుండా వచ్చే నెల వేస్తాను.